చివరి గడి

ఎన్జీ కాలేజీ గ్రౌండుల ఆదివారం పొద్దు
సున్నం గీతలు మేమే పోసుకుంటం.
క్రికెట్ పోరగాళ్లు ఖాళీ జేసేదాక గోడ నీడకు నిలబడుతం.
ఇదేం ఆట అని అడిగెటోళ్లు
పదేండ్ల సంది అడుగుతనే ఉన్నరు.

నేను స్కోరు రాస్త.
గడియారం సెంటర్ల జిరాక్స్ దుకాణం నాది.
పుస్తకం మాత్రం మా పీఈటీ సారుది,
ఎర్రట్ట లెడ్జరు,
సారు పోయినంక నా చేతికొచ్చింది
సగం చెదలు, సగం ఆయన చేవ్రాలు.

అండ్ల ఆఖరి పేజీ సేవ్‌లది.
ముందున్న ఆటను జారిపోకుంట ముగించినోళ్ల పేర్లు.
గెలుపు ఇంకొకరి పేరున రాస్త,
ఆరు ఇన్నింగ్స్ చెమటోడ్చినోడికి దండ.
చివరికొచ్చి పదిహేను బంతులేసి పోయెటోడికి
ఒక గడిల ఒక చుక్క.

రమావత్ సేవ్యాకు యాభై ఏడు చుక్కలు.
పేరే సేవ్యా, ఇంకేం జేస్తడని మైకుల నవ్వుతరు.
అతను నవ్వడు.
దేవరకొండ అవతలి తండాల
సజ్జచేను మంచె మీద ఒడిసెల తిప్పిన చెయ్యి అది.
పిట్టను కొట్టకు, పిట్ట పక్కపొంటి గాలిని కొట్టు
అని యాడి జెప్పిందట.
బ్యాటు పట్టినోళ్లను గూడ గట్లనే బెదిరిస్తడు.
వారమంత పానగల్లు సబ్‌స్టేషన్ల లైన్‌మెన్,
చీకటైతేనే అతని నంబరు యాదికొస్తది జనానికి.

మొదటి ఏడు పదకొండో పేరు.
లారీ తోలే మక్బూల్‌ను దాటిండు.
మిర్యాలగూడ మిల్లుల పద్దులు రాసే చకిలం శ్రీపతిని దాటిండు.
దాటిపోయిండని వాళ్లకు తెల్వదు,
నాకు తెలుసు, చెదలకు తెలుసు.

మిగిలింది మర్రిగూడ ఈదుల జంగయ్య.
యాభై ఎనిమిది.

మొన్న బస్సెక్కి వచ్చిండు జంగయ్య.
ఆ ఊరి బోరునీళ్లు ఎముకలల్ల కూసున్నయి,
మోచెయ్యి సగంల ఆగిపోయింది
ఇరుక్కున్న తలుపు లెక్క.
చాయ్ గ్లాసు నోటికి రాదు,
నోరే వంగి గ్లాసు కాడికి పోతది.

ఏడో ఇన్నింగ్స్, రెండు పరుగులు ముందున్నం.
సేవ్యా వచ్చిండు, మట్టి చేతికి రుద్దుకున్నడు.
ఇద్దరు ఔట్. బేసుల మీద ఇద్దరు.
ఇంకొక్కడు.
నా పెన్ను చుక్క కోసం వంగింది గూడ.

బంతి హాస్టలు గోడ దాటింది.
ముగ్గురూ తీరుబడిగ నడుసుకుంట ఇంటికొచ్చిండ్రు.
ఎవ్వరూ ఏమనలే. సున్నం మీద కుక్క పండుకున్నది.

ఏదీ, పుస్తకం ఇటియ్యి అన్నడు జంగయ్య.
ఎడమచేతి వేలితోని తన పేరు వెంట నడిసి
నకిరేకల్ మ్యాచు కాడ ఆగిండు.
"ఆ దినం నాలుగు పరుగులు ముందున్నం.
మూడు దాటితె సేవ్ గాదు.
సారు ముచ్చటకు రాసిండు. కొట్టెయ్."

సేవ్యా బూట్లు చేతుల పట్టుకోని నిలబడ్డడు.
"ఉండనీ అన్నా. ఇయ్యాల నేను ఓడగొట్టిన."
"నీ ఓటమి నీది, నా లెక్క నాది.
రెండూ ఒక్క మూట గట్టకు."
అంతల్నే ఫోను మోగింది, ఎక్కడనో ఫీడరు పోయిందట.
చాయ్ గూడ తాగకుంట బండెక్కిండు.

రాత్రి దుకాణంల గాలివాన.
కరెంటు పోయింది.
సెల్లు లైటు ముందల లెడ్జరు తెరిసి
ఆ ఒక్క చుక్క మీద పెన్ను పెట్టుకోని కూసున్న.
సారు చేతిరాత. సారు సంబురం.
తర్వాత కొట్టేసిన.
యాభై ఏడు, యాభై ఏడు.
ఓడిన దినం మెట్టెక్కినోణ్ని
నేను ఇదే చూసుడు.

ఫ్యాను కదిలింది.
స్తంభం మీద ఎవడో తడుస్తున్నడు.
మిషను గుర్రుమని లేసింది,
నడుమల ఆగిన కాగితం
వేడివేడిగ బయటికొచ్చింది.